పేజీ తెరుచుకుంది, ఫోటో వెళ్లలేదు: ఐపీవీ6 మార్పులో తెగిపోయే దారులు

కోల్‌కతాలో డైమండ్ హార్బర్ రోడ్డు నుంచి పక్కకు తిరిగితే ఏక్‌బాల్‌పూర్ సందులు మొదలవుతాయి. ఒకవైపు ఖిదిర్‌పూర్ డాక్‌లు, మరోవైపు మోమిన్‌పూర్. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న గార్డెన్ రీచ్ కూడా పెద్ద దూరం కాదు. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆ కార్యాలయం కిందే ఉండేది. అందుకే ఉద్యోగాల మీద ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కలకు కొత్త కాదు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంట్లో అమ్మాయి పోటీ పరీక్షకు దరఖాస్తు చేస్తోంది. గడువు ఆ రాత్రితో సరి. ఇంటికి స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్ ఉంది. వెబ్‌సైట్ వెంటనే తెరుచుకుంది, పేరు, పుట్టిన తేదీ నింపడం అయింది. ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసే దగ్గర చక్రం తిరగడం మొదలుపెట్టి ఆగలేదు. స్పీడ్ టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా ఉంది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే "లైన్ బాగానే ఉంది, వెబ్‌సైట్‌దే సమస్య" అన్నారు. కానీ అదే ఫారాన్ని వైఫై ఆపి మొబైల్ డేటా మీద ప్రయత్నిస్తే ఫోటో క్షణంలో వెళ్లిపోయింది! పై అంతస్తు అబ్బాయి వచ్చి "ల్యాప్‌టాప్‌లో ఐపీవీ6 ఆపేయండి ఆంటీ, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఆపేశారు. నిజంగానే సర్దుకుంది.

తప్పు ఐపీవీ6దే అని తేల్చేస్తే కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ ఒక చిక్కు ఉంది. ఫోటో క్షణంలో వెళ్లిన ఆ మొబైల్ డేటా కూడా దాదాపు కచ్చితంగా ఐపీవీ6 మీదే నడుస్తోంది. జియో సిమ్ అయితే ఫోన్ సెట్టింగుల్లో చూడండి, 2409తో మొదలయ్యే పొడవాటి చిరునామా కనిపిస్తుంది. అదే ఐపీవీ6. మరి ఒక దారిలో చక్కగా పనిచేసినది ఇంకో దారిలో ఎందుకు ఆగిపోయింది?

నంబరు పెంచినంత తేలిక కాదు

ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఒక చిరునామా కావాలి. 1980ల మొదట్లో స్థిరపడిన ఐపీవీ4 పద్ధతిలో ఆ చిరునామా పొడవు 32 బిట్లు. అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు. పరిశోధనశాలల్లో వందల కంప్యూటర్లు మాత్రమే ఉన్న రోజుల్లో అది అంతులేని సంఖ్యగా కనిపించింది. తర్వాత ఏమైందో తెలిసిందే. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర నిల్వలో మిగిలిన చివరి ఐదు పెద్ద భాగాలను ఐదు ఖండాంతర సంస్థలకు పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు ఇచ్చే ఏపీనిక్ దగ్గర మామూలు పద్ధతిలో పంచగలిగిన నిల్వ అదే ఏడాది ఏప్రిల్ 15న అడుగంటింది. ఆలస్యంగా ఇంటర్నెట్‌లోకి వచ్చి వేగంగా పెరిగిన భారత్ లాంటి దేశాలకు ఇది గట్టి దెబ్బ.

ఐపీవీ6 ప్రమాణం 1998 డిసెంబరు నాటికే సిద్ధంగా ఉంది. అందులో చిరునామా 128 బిట్లు. మొత్తం ఎన్ని అంటే, 34 రాసి పక్కన 37 సున్నాలు పెడితే సుమారుగా ఆ లెక్క వస్తుంది.

హైదరాబాదులోనూ కోల్‌కతాలోనూ ఒకప్పుడు ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు '2' చేర్చిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు పాత ఫోన్లు పారేయనక్కర లేకపోయింది, ముందు ఒక అంకె ఎక్కువ నొక్కితే చాలు. చాలామంది ఐపీవీ6ను కూడా అలాగే ఊహించుకుంటారు. అది నిజం కాదు. ఐపీవీ4 మాత్రమే తెలిసిన యంత్రం ఐపీవీ6 ప్యాకెట్‌ను చదవనే లేదు. రెండూ ఒకే తీగ మీద పక్కపక్కనే పరుగెత్తే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. వాటి మధ్య మాట కలవాలంటే దుబాసీ కావాలి.

పాత పద్ధతిని ఒక్క రోజులో ఆపేసి కొత్తది మొదలుపెట్టిన సందర్భం ఇంటర్నెట్ చరిత్రలో లేకపోలేదు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ తన పాత ఎన్‌సీపీని వదిలి టీసీపీ/ఐపీకి మారింది. అప్పుడు మార్చాల్సినవి వందల కంప్యూటర్లే. ఇప్పుడు అలాంటి ముహూర్తం పెట్టడం ఎవరి వల్లా కాదు. కాబట్టి దశాబ్దాలుగా రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి. ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో వచ్చిన సమస్య ఈ ఉమ్మడి కాపురంలోదే.

సగం తెరిచిన తలుపు

దారి అసలే లేకపోతే పెద్ద ఇబ్బంది లేదు, కంప్యూటర్ వెంటనే రెండో దారి చూసుకుంటుంది. దారి ఉన్నట్టు కనిపించి మధ్యలో తెగిపోతేనే కష్టం. కొత్త వ్యవస్థ ఉందని రూటర్ చెబుతుంది, ల్యాప్‌టాప్ చిరునామా తీసుకుంటుంది, వెబ్‌సైట్ కూడా తన ఐపీవీ6 చిరునామా ఇస్తుంది. ప్యాకెట్ మాత్రం గమ్యం చేరదు. పాత సాఫ్ట్‌వేర్ అలాంటప్పుడు పదుల సెకన్లు ఎదురుచూసి గానీ ఐపీవీ4కు మారేది కాదు. చూసేవాళ్లకు అది "సైట్ పనిచేయడం లేదు" అన్నట్టే.

ఈ భయం ఎంతటిదంటే, గూగుల్ చాలాకాలం తన ఐపీవీ6 చిరునామాలను ఎంపిక చేసిన నెట్‌వర్క్‌లకే ఇచ్చింది. 2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ వంటి సంస్థలు కలిసి 'ప్రపంచ ఐపీవీ6 దినం' జరిపాయి. ఒక్క 24 గంటల పాటు అందరికీ తెరిచి, ఎవరికి ఏం విరుగుతుందో చూద్దామన్నది ఉద్దేశం. ఆకాశం విరిగి పడలేదు. మరుసటి ఏడాది 2012 జూన్ 6న చాలా సంస్థలు ఐపీవీ6ను శాశ్వతంగా తెరిచి ఉంచేశాయి.

ఆ ఏడాదే ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ ఒక తెలివైన ఉపాయాన్ని ప్రచురించింది. దాని పేరు 'హ్యాపీ ఐబాల్స్'. నవ్వొచ్చే పేరే. నెట్‌వర్క్ పరిశ్రమలో మామూలు వాడకందార్లను 'ఐబాల్స్', అంటే కనుగుడ్లు అని పిలుస్తారు, తెర చూసేది వాళ్లే కదా! వాళ్లను సంతోషంగా ఉంచే పద్ధతి అని అర్థం. ఇందులో బ్రౌజర్ రెండు దారుల మధ్య పందెం పెడుతుంది. ముందు ఐపీవీ6కు తలుపు కొడుతుంది. 2017లో సవరించిన ప్రమాణం సూచించినట్టు 250 మిల్లీ సెకన్లు, అంటే సెకనులో పావు వంతు చూస్తుంది. జవాబు రాకపోతే ఐపీవీ4 తలుపు కూడా కొడుతుంది. ఎవరు ముందు పలికితే వాళ్లతోనే మిగతా సంభాషణ. నేటి బ్రౌజర్లన్నిటిలో దాదాపు ఇదే పద్ధతి ఉంది. ఇంటర్నెట్ మార్పు గొడవ చాలామందికి తెలియకుండా జరిగిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మరి ఆ అమ్మాయి ఫోటోను ఈ పందెం ఎందుకు కాపాడలేదు? పందెంలో పరీక్షించేది మొదటి పలకరింపును మాత్రమే. ఆ పలకరింపు ప్యాకెట్లు చాలా చిన్నవి. చిన్న ప్యాకెట్లు దాటిపోయి, పెద్దవి ఇరుక్కుపోయే దారి అయితే, ఐపీవీ6 పందెం గెలుస్తుంది, ఆ తర్వాత చతికిలబడుతుంది. అప్పటికి బ్రౌజర్ తన నిర్ణయం తీసేసుకుంది.

పెద్ద ప్యాకెట్, చిన్న సొరంగం

మామూలు ఈథర్నెట్ తీగ మీద ఒక్కో ప్యాకెట్ 1,500 బైట్ల వరకు ఉండొచ్చు. ఆపరేటర్ లోపలి పరికరాలు కొన్ని ఇంకా పాతవే అయితే, ఐపీవీ6 ప్యాకెట్‌ను ఐపీవీ4 అనే కవరులో పెట్టి ఆ భాగం దాటిస్తారు. దీన్ని సొరంగం అంటారు. ఆ పై కవరుకు 20 బైట్లు పోతాయి. కాబట్టి లోపల పట్టేది 1,480 బైట్లే. ఇంటి ల్యాప్‌టాప్‌కు ఈ సంగతి తెలియదు. అది నిండా 1,500 బైట్ల ప్యాకెట్ కట్టి పంపుతుంది.

ఐపీవీ4లో అయితే దారిలోని రూటర్, పంపినవాళ్లు వద్దని గుర్తు పెట్టకపోతే, ప్యాకెట్‌ను ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో రూటర్లకు ఆ పని లేకుండా చేశారు. వాటి మీద భారం తగ్గించడానికి తీసుకున్న నిర్ణయం ఇది. రూటర్ ప్యాకెట్‌ను పారేసి, "ఇది పెద్దదైంది, ఇంత పొడవు దాటకుండా పంపు" అని పంపినవాళ్లకు కబురు పెడుతుంది. ఆ కబురు ఐసీఎంపీవీ6 అనే సందేశం రూపంలో వస్తుంది. ల్యాప్‌టాప్ దాన్ని చదివి చిన్న ప్యాకెట్లు కడుతుంది. లెక్క ప్రకారం అంతా బాగానే ఉంది.

ఆ కబురు చేరాలి కదా! ఐపీవీ4 కాలంలో చాలామంది నెట్‌వర్క్ నిర్వాహకులు భద్రత పేరుతో ఐసీఎంపీ సందేశాలన్నిటినీ ఫైర్‌వాల్‌లో ఆపేసేవారు. దాడులు చేసేవాళ్లు 'పింగ్' సందేశాలను దుర్వినియోగం చేసేవారు కాబట్టి అది అలవాటైపోయింది. అదే నియమాన్ని కొత్త పద్ధతికీ కళ్లు మూసుకుని అంటించేస్తే, ఈ కబురు కూడా చెత్తబుట్టలోకి పోతుంది. పంపిన ల్యాప్‌టాప్‌కు ఏమీ తెలియదు. అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని 'కృష్ణబిలం' అంటారు. లోపలికి పోయింది తిరిగి రాదు, పోయిన జాడా ఉండదు. ఐపీవీ6లో ఏయే ఐసీఎంపీ సందేశాలను ఆపకూడదో చెప్పే మార్గదర్శక పత్రం 2007లోనే వచ్చింది. కొరత పత్రాలది కాదు, పాత అలవాటుది.

పేజీ తెరుచుకోవడానికీ కారణం ఉంది. వెబ్‌సైట్ల తరఫున పేజీలు అందించే కొన్ని పెద్ద సంస్థలు ఇలాంటి చోట్ల దెబ్బ తిని, ఐపీవీ6లో ముందుజాగ్రత్తగా చిన్న ప్యాకెట్లే పంపడం అలవాటు చేసుకున్నాయి. అందువల్ల అటు నుంచి ఇటు వచ్చేది సాఫీగా వచ్చింది. ఇటు నుంచి అటు వెళ్లాల్సిన ఫోటో దగ్గరే చిక్కింది. అదే ఇంట్లో స్పీడ్ టెస్ట్ బాగుండటంలో వింత లేదు. అది ఐపీవీ4 మీద జరిగి ఉంటుంది.

ఆపేస్తే ఏమవుతుంది

పై అంతస్తు అబ్బాయి సలహా పనిచేయడానికి కారణం ఇప్పుడు ఊహించవచ్చు. ఐపీవీ4 వైపు ఈ పొడవు సమస్యకు ఆపరేటర్లు ఎన్నో ఏళ్ల కిందటే మందు కనిపెట్టారు. కనెక్షన్ మొదట్లో రెండు వైపులా "నేను ఇంత పొడవు ముక్క తీసుకోగలను" అని చెప్పుకుంటాయి. మధ్యలో ఉన్న రూటర్ ఆ అంకెను తగ్గించి రాస్తుంది. దీన్ని 'ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్' అంటారు. 1,480 బైట్ల సొరంగంలో ఐపీవీ6 తలకట్టుకు 40, టీసీపీ తలకట్టుకు 20 తీసేస్తే మిగిలేది 1,420. రూటర్‌లో ఆ అంకె పెడితే టీసీపీ కనెక్షన్లు సొరంగం పట్టనంత పెద్ద ప్యాకెట్లు కట్టనే కట్టవు. ఐపీవీ4కు ఈ సర్దుబాటు చేసి, ఐపీవీ6కు చేయడం మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 సొంతంగా, లెక్క సరిచూసుకుని నడుస్తోంది కాబట్టి అక్కడ ఫోటో వెళ్లిపోయింది.

గడువు ముంచుకొస్తున్న రాత్రి ఐపీవీ6 ఆపేయడం తప్పేమీ కాదు. ఫారం వెళ్లడం ముఖ్యం. కానీ అలాగే వదిలేస్తే ఆపరేటర్‌కు తన నెట్‌వర్క్‌లో కృష్ణబిలం ఉందని ఎప్పటికీ తెలియదు. హ్యాపీ ఐబాల్స్ మీద ఉన్న విమర్శ కూడా ఇదే. అది వాడకందారుకు ఎంత మేలు చేస్తుందో, విరిగిన దారిని అంతగా దాచిపెడుతుంది. ఫిర్యాదు రాని లోపాన్ని ఎవరూ బాగుచేయరు.

పైగా ఐపీవీ4లోకి వెనక్కి వెళ్లడమంటే పాత స్వర్గానికి తిరిగి వెళ్లడం కాదు. చిరునామాలు చాలక, నేడు చాలామంది ఆపరేటర్లు ఒకే బహిరంగ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నారు. ఇంటి రూటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ పంపకంలో ఉన్నట్టే. ఈ పని కోసమే 2012లో దాదాపు 42 లక్షల చిరునామాలను విడిగా కేటాయించారు. దీని ఫలితాలు రోజువారీ జీవితంలో కనిపిస్తాయి. సందులో ఎవరి కంప్యూటర్‌లోనో వైరస్ చేరి చెత్త సందేశాలు పంపితే, ఆ చిరునామాను ఏదో వెబ్‌సైట్ నిషేధిస్తే, నిషేధం పడేది సందు మొత్తానికి. "మీరు రోబో కాదని నిరూపించండి" అన్న ప్రశ్న పదేపదే ఎదురవడానికి ఒక కారణం ఇదే. ఇంట్లోని కెమెరాకు బయటి నుంచి నేరుగా కనెక్ట్ కావడం కుదరదు. నేర పరిశోధనలోనూ చిరునామా ఒక్కటే చాలదు. ఏ క్షణాన, ఏ పోర్టు నంబరు మీద అన్నది కూడా ఉంటే తప్ప ఏ ఇంటిదో తేలదు. ఆ వివరం లేకుండా తొందరపడితే అమాయకుల తలుపు తట్టే ప్రమాదం ఉంది.

దుబాసీ ఫోన్‌లోనే

మొబైల్ వైపు కథ వేరు. 2016 సెప్టెంబరు 5న జియో వాణిజ్య సేవలు మొదలుపెట్టినప్పుడు దాని నెట్‌వర్క్ మొదటి నుంచీ ఐపీవీ6 ఆధారంగానే కట్టింది. కోట్ల మంది చందాదారులకు సరిపడా ఐపీవీ4 చిరునామాలు తెచ్చుకునే వీలే లేదు మరి. టెలికాం శాఖ 2010 జూలైలోనే జాతీయ ఐపీవీ6 ప్రణాళిక విడుదల చేసింది గానీ, దేశంలో వాడకం ఎగబాకింది మాత్రం ఈ 4జీ అల తర్వాతే. నేడు ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందువరుసలో ఉంది.

కానీ అవతల ఇంకా ఐపీవీ4 మాత్రమే తెలిసిన వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటి కోసం ఆపరేటర్ దగ్గర నాట్64 అనే దుబాసీ యంత్రం ఉంటుంది. వెబ్‌సైట్‌కు ఐపీవీ6 చిరునామా లేకపోతే, డీఎన్‌ఎస్64 అనే తోడు యంత్రం ఒక చిరునామాను కల్పించి ఫోన్‌కు ఇస్తుంది. పేరుతో వెతికే యాప్‌లకు ఇది చాలు. కొన్ని పాత యాప్‌లు పేరు అడగవు, ఐపీవీ4 చిరునామానే తమలో రాసి పెట్టుకుంటాయి. వాటికి ఈ దుబాసీ కనిపించదు. 2013లో వచ్చిన 464ఎక్స్‌లాట్ పద్ధతి ఆ లోటు తీర్చింది. ఫోన్ లోపలే ఒక చిన్న దుబాసీని పెట్టి, యాప్‌కు ఐపీవీ4 ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. ప్యాకెట్ ఫోన్‌లో 4 నుంచి 6కు, ఆపరేటర్ దగ్గర మళ్లీ 6 నుంచి 4కు మారుతుంది. ఆండ్రాయిడ్‌లో 4.3 వెర్షన్ నుంచే ఈ ఏర్పాటు ఉంది. ఆపిల్ వేరే దారి పట్టింది. 2016 జూన్ 1 నుంచి, ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో పనిచేయని యాప్‌ను తన స్టోర్‌లోకి రానివ్వనంది. కాస్త మొరటు పద్ధతే అయినా యాప్‌లు రాసేవాళ్లను కదిలించింది.

అందుకే మొబైల్‌లో నెట్ నెమ్మదించినప్పుడల్లా ఏపీఎన్ సెట్టింగ్‌ను "ఐపీవీ4 మాత్రమే" అని మార్చమనే చిట్కాలను ఇలాంటి నెట్‌వర్క్‌లలో పాటించకపోవడం మేలు. డేటా మొత్తానికే పోవచ్చు.

ఫిర్యాదులో ఏం చెప్పాలి

బ్రాడ్‌బ్యాండ్‌కూ గడువులు వచ్చాయి. 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే కొత్త వైర్‌లైన్ కనెక్షన్లు ఐపీవీ6ను మోయగలిగేలా ఉండాలని టెలికాం శాఖ 2021 నవంబరులో చెప్పింది. ఏక్‌బాల్‌పూర్ లాంటి పేటల్లో చివరి తీగ లాగేది చిన్న ఆపరేటర్లు. వాళ్ల దగ్గర పాత పరికరాలూ కొత్తవీ కలిసి ఉంటాయి. కాబట్టి ఇలాంటి అతుకుల దగ్గర లోపాలు ఇంకొంతకాలం కనిపిస్తూనే ఉంటాయి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫారం వెళ్లాక, తీరిగ్గా ఐపీవీ6ను మళ్లీ ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో ఐపీవీ6 ఎంటీయూ అనే అంకెను 1,500 నుంచి 1,280కి తగ్గించి చూడాలి. ఐపీవీ6 వెళ్లే ఏ దారైనా కనీసం 1,280 బైట్ల ప్యాకెట్‌ను మోయాలన్నది ప్రమాణంలోని షరతు. అలా తగ్గించగానే ఇరుక్కుపోయిన అప్‌లోడ్ కదిలితే రోగం దొరికినట్టే. ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్లు ఏదైనా ఐపీవీ6 సర్వర్‌కు రెండు పింగ్‌లు పంపవచ్చు, ఒకటి చిన్నది, రెండోది 1,452 బైట్లది. రెండోదానికి 48 బైట్ల తలకట్లు చేరి సరిగ్గా 1,500 అవుతుంది. చిన్నదానికి జవాబు వచ్చి, పెద్దదానికి జవాబూ రాక, "పెద్దదైంది" అన్న కబురూ రాకపోతే, ఎక్కడో ఆ కబురును మింగేస్తున్నారని అనుమానించవచ్చు.

అప్పుడు ఆపరేటర్‌కు చేసే ఫోన్ వేరుగా ఉంటుంది. "నెట్ స్లోగా ఉంది" అంటే "రూటర్ ఆపి వేయండి" అన్న జవాబే వస్తుంది. "ఐపీవీ6లో చిన్న ప్యాకెట్లు వెళ్తున్నాయి, 1,500 బైట్లవి పోవడం లేదు, ఎంటీయూ 1,280 పెడితే పనిచేస్తోంది, ఐపీవీ6కు ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ పెట్టారా, ఐసీఎంపీవీ6 ఆపేశారా" అని అడిగితే, ఫోన్ ఎత్తినవాళ్లకు అర్థం కాకపోయినా, ఆ మాటలు రాసుకుని లోపలి ఇంజినీరుకు పంపక తప్పదు. సరిచేయడానికి ఆయనకు కావలసింది కొత్త పరికరం కాదు, రూటర్‌లో రెండు మూడు వరుసల మార్పు. అది జరిగితే బాగుపడేది ఒక్క ఇల్లు కాదు, ఆ సొరంగం గుండా పోయే ప్రతి ఇల్లూ. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లోని అంకెను తిరిగి 1,500 చేసుకోవడం మరిచిపోకూడదు.